తరిగే మంచు, పెరిగే నీరు: ఆల్ప్స్ హిమానీనదాల అధ్యయన చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు.

• హిమానీనదం నీటిని నిల్వ చేసే తీరుకు, వర్షాధార నదుల తీరుకు ఉన్న తేడా
• ఆల్ప్స్ ప్రజలు హిమానీనదాన్ని ప్రమాదంగా, పరిశోధనాంశంగా, నీటి వనరుగా చూసిన క్రమం
• మంచు తరుగుదలను నిరూపించిన చారిత్రక ఆధారాల స్వభావం
• తరుగుతున్న హిమానీనదం మొదట ఎక్కువ నీరు, తరువాత తక్కువ నీరు ఇవ్వడానికి కారణం

1. ప్రస్తావన

స్విట్జర్లాండ్ దక్షిణ భాగంలో వాలిస్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి రోన్ నది లోయలో ఫీష్ అనే ఊరు ఉంది. ఆ ఊరికి ఎగువన ఆల్ప్స్ పర్వతాలలోకెల్లా పెద్దదైన అలెచ్ హిమానీనదం ఉంది. 1678లో ఫీష్, దాని పొరుగున ఉన్న ఫీషర్‌టాల్ గ్రామస్థులు ఒక మొక్కు మొక్కుకున్నారు. తాము ధర్మంగా నడుచుకుంటామని, హిమానీనదం ఇంకా పెరిగి తమ మీదికి రాకుండా కాపాడమని ఆ మొక్కు సారాంశం. 1862 నుండి ఇందుకోసం ఏటా ఊరేగింపు కూడా జరపసాగారు. మూడు వందల ఏళ్లకు పైగా ఆ ప్రార్థన సాగింది. చివరికి వారికి ఎదురైన చిక్కు మంచు పెరగడం కాదు, తరగడం. పాత మొక్కును మార్చుకోవడానికి అనుమతించమని వారు పోప్‌ను కోరారు. 2010లో అనుమతి లభించింది. ఇప్పుడు ఆ గ్రామాలవారు హిమానీనదం తరిగిపోకుండా కాపాడమని ప్రార్థిస్తున్నారు.

ఒకే ఊరు, ఒకే మంచు, ఒకదానికొకటి పూర్తిగా ఎదురైన రెండు ప్రార్థనలు. ఈ రెండింటి మధ్య జరిగిన మార్పు చరిత్ర విద్యార్థికి ఆసక్తి కలిగించే విషయం. మంచు తరుగుతున్నదని మనిషి ఎలా తెలుసుకున్నాడు? ఆ తరుగుదలకు, దిగువన ఉన్న పొలాలకు, ఊళ్లకు అందే నీటికి ఉన్న సంబంధం ఎప్పుడు, ఎవరి శ్రమ వల్ల బయటపడింది? ఈ పాఠ్యభాగం ప్రధానంగా ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెబుతుంది.

ఒక విషయాన్ని మొదటే గుర్తుంచుకోండి. హిమానీనదం తరిగిపోతున్న తొలి దశలో నదిలో నీరు తగ్గదు, పెరుగుతుంది. అందువల్ల నదిని మాత్రమే చూసేవారికి అంతా బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. దశాబ్దాల తరబడి ఓపికగా రాసిపెట్టిన కొలతలు ఉన్నచోట మాత్రమే అసలు సంగతి తెలుస్తుంది.

2. హిమానీనదం ఒక నీటి నిల్వ

ఎత్తైన పర్వతాలపై చలికాలంలో కురిసిన మంచు అంతా వేసవిలో కరగదు. మిగిలిన మంచు మీద మరుసటి ఏడు మళ్లీ మంచు పడుతుంది. ఇలా పొరలు పొరలుగా పేరుకొని, పై బరువుకు గట్టిపడి, చివరకు అది గడ్డగా మారుతుంది. ఆ గడ్డ తన బరువుతోనే వాలు వెంట మెల్లగా కిందికి జారుతుంది. దీనినే హిమానీనదం అంటారు. దీని పై భాగంలో మంచు జమ అవుతుంది, కింది భాగంలో కరిగి ఖర్చవుతుంది. జమ, ఖర్చు సమానంగా ఉన్నంతకాలం హిమానీనదం పరిమాణం మారదు. ఖర్చు పెరిగితే దాని కొస పైకి వెనుదిరుగుతుంది.

కృష్ణా, గోదావరి నదులు వర్షాధార నదులు. వాటి ఎగువన ఎక్కడా హిమానీనదం లేదు. నైరుతి రుతుపవనాలు ఇచ్చిన నీటిని చెరువుల్లోను, శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలాశయాల్లోను నిలుపుకొని మిగతా నెలలు గడుపుకుంటాం. వానలు మొహం చాటేసిన ఏడు చెరువు ఎండుతుంది. కరవు, నీటి కొరత రెండూ ఒకేసారి వస్తాయి.

హిమానీనదం ఉన్న లోయలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడ ఎండ ముదిరి, వాన లేని వేసవిలోనే మంచు ఎక్కువగా కరుగుతుంది. అంటే పొలానికి నీటి అవసరం ఎక్కువగా ఉన్న రోజుల్లోనే పైనుండి ఎక్కువ నీరు వస్తుంది. 2003 వేసవిలో ఐరోపాను తీవ్రమైన వడగాలులు పీడించాయి. స్విట్జర్లాండ్ మైదాన ప్రాంతపు నదులు బాగా చిక్కిపోయాయి. హిమానీనదాలు ఎక్కువగా ఉన్న పర్వత లోయల నదుల్లో మాత్రం మామూలు కంటే ఎక్కువ నీరు పారింది. హిమానీనదం విలువ అది ఏడాదికి ఎంత నీరు ఇస్తుందన్న లెక్కలో పూర్తిగా కనిపించదు. ఏ నెలలో ఇస్తుందన్నదే ముఖ్యం. ఈ తేడాను గ్రహిస్తే ఈ పాఠంలోని మిగతా విషయాలు తేలికగా అర్థమవుతాయి.

3. వాలిస్ రైతులు, నీటి వంతులు

వాలిస్ లోయకు ఇరువైపులా ఎత్తైన పర్వతాలు ఉన్నాయి. మబ్బులను అవి అడ్డుకోవడం వల్ల లోయ లోపల వర్షపాతం తక్కువ. ముఖ్యపట్టణమైన సియోన్‌లో ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు మాత్రమే కురుస్తుంది. మన అనంతపురం జిల్లా రైతుకు ఈ అంకె కొత్తగా అనిపించదు. అయితే అనంతపురానికి లేనిది వాలిస్‌కు ఉన్నది ఒకటుంది. తలెత్తి చూస్తే కనిపించే మంచు.

ఆ మంచునీటిని పచ్చిక బీళ్లకు, ద్రాక్ష తోటలకు తెచ్చుకోవడానికి అక్కడి రైతులు మధ్యయుగాల నుండే కాలువలు తవ్వుకున్నారు. ఫ్రెంచి మాట్లాడే ప్రాంతంలో వీటిని బిస్ అని, జర్మన్ మాట్లాడే ప్రాంతంలో సూవోన్ అని పిలుస్తారు. నిట్టనిలువు కొండచరియలకు కర్ర దోనెలను బిగించి నీటిని మైళ్ల దూరం తీసుకువెళ్లిన చోట్లు కూడా ఉన్నాయి. ఈ కాలువలను గ్రామస్థులు ఉమ్మడిగా నడిపేవారు. ఎవరి వంతు ఎప్పుడు, ఎన్ని గంటలు అన్నది చెక్క ముక్కలపై గాట్లు పెట్టి గుర్తుంచుకునేవారు. మన గ్రామాల్లో చెరువు నీటిని వంతుల ప్రకారం పారించిన నీరటి, నీరుగంటి వ్యవస్థతో దీనిని పోల్చి చూడవచ్చు. ఐరోపా దేశాల ఇలాంటి సంప్రదాయ నీటిపారుదల పద్ధతులను 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో స్విట్జర్లాండ్ పద్ధతి కూడా ఒకటి.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఈ వంతుల పత్రాలు, గాట్లు పెట్టిన చెక్కలు నీటిని పంచడం గురించి చెబుతాయి. నీటి మూలం గురించి చెప్పవు. కాలువలోకి వచ్చే నీరు ఎప్పటికీ వస్తూనే ఉంటుందన్న నమ్మకం మీద ఆ ఏర్పాటంతా నిలబడింది.

4. ప్రమాదంగా హిమానీనదం: 1818 వరద

సుమారు 14వ శతాబ్దం నుండి 19వ శతాబ్దం మధ్య వరకు ఐరోపాలో చలి ఎక్కువగా ఉన్న కాలాన్ని చరిత్రకారులు చిన్న మంచుయుగం అంటారు. ఆ కాలంలో ఆల్ప్స్ హిమానీనదాలు పలుమార్లు ముందుకు పెరిగి పచ్చిక బీళ్లను, ఇళ్లను కబళించాయి. ఫీష్ గ్రామస్థుల మొక్కుకు నేపథ్యం ఇదే.

1815 ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆకాశంలోకి ఎగసిన ధూళి, వాయువుల వల్ల మరుసటి ఏడు ఐరోపాకు వేసవి లేని సంవత్సరమైంది. ఆ చలికి వాలిస్‌లోని జీట్రో హిమానీనదం పెరిగింది. దాని నుండి విరిగిపడిన మంచుగడ్డలు మోవ్వాజాన్ అనే ఇరుకు లోయలో ద్రాన్స్ నదికి అడ్డుకట్టగా పేరుకున్నాయి. 1818 వసంతం నాటికి ఆ మంచుకట్ట వెనుక పెద్ద సరస్సు ఏర్పడింది. అదే లోయలో 1595లో ఇలాంటి వరద ఊళ్లను ముంచివేసిన సంగతి ప్రజలకు గుర్తుంది.

రాష్ట్ర ఇంజనీరు ఇగ్నాజ్ వెనెట్జ్ మంచు గుండా సొరంగం తవ్వించి నీటిని మెల్లగా వదిలే ప్రయత్నం చేశాడు. సరస్సులో కొంత నీరు అలా బయటికి పోయింది. కాని 1818 జూన్ 16న మంచుకట్ట తెగింది. వరద లోయ పొడవునా ఇళ్లను, వంతెనలను ఊడ్చుకుపోయింది. పదుల సంఖ్యలో ప్రజలు మరణించారు. సొరంగం తవ్వకపోయి ఉంటే నష్టం ఇంకా ఎక్కువగా ఉండేది.

ఈ విపత్తు ఒక శాస్త్రానికి దారి తీసింది. ఆ లోయకు చెందిన జాన్ పియెర్ పెరోదాన్ అనే వేటగాడు ఒక మాట చెప్పేవాడు. లోయలో అక్కడక్కడా పడి ఉన్న పెద్ద బండలు, రాతిపై కనిపించే గీతలు ఒకప్పటి హిమానీనదం పనే అని అతని అభిప్రాయం. చదువుకున్నవారు మొదట నమ్మలేదు. వెనెట్జ్ ఆ మాటను పట్టించుకొని సాక్ష్యాలు సేకరించాడు. ఉప్పు గనుల అధికారి జాన్ ద షార్పాంటియే దానిని మరింత బలపరిచాడు. ఒక పర్వత గ్రామీణుడి పరిశీలన ఈ విధంగా శాస్త్ర చర్చలోకి ప్రవేశించింది. హిమానీనదాలు స్థిరమైనవి కావని, చరిత్రలో పెరుగుతూ తరుగుతూ వచ్చాయని తేలడంలో ఇది మొదటి మెట్టు.

5. కదిలిన గుడిసె నుండి క్రమబద్ధమైన కొలతల వరకు

1827లో ఫ్రాన్స్ యోసెఫ్ హూగీ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఊంటెరార్ హిమానీనదం మీద రాళ్లతో ఒక గుడిసె కట్టాడు. పన్నెండేళ్ల తరువాత లూయీ అగాసీ అక్కడికి వెళ్లేసరికి ఆ గుడిసె కిలోమీటరుకు పైగా కిందికి జరిగిపోయి ఉంది. హిమానీనదం కదులుతుందని ఇంతకంటే తేటగా చెప్పే సాక్ష్యం అక్కర్లేదు. అగాసీ 1840 నుండి అదే హిమానీనదంపై ఒక పెద్ద బండ నీడన మకాం పెట్టి, తన బృందంతో కొలతలు తీశాడు.

1874లో రోన్ హిమానీనదంపై మరింత పద్ధతి గల పని మొదలైంది. మంచుకు అడ్డంగా రంగు వేసిన రాళ్లను వరుసగా పేర్చి, ఏటా అవి ఎంత జరిగాయో కొలిచారు. ఈ సర్వే దాదాపు నాలుగు దశాబ్దాలు సాగింది.

ఈ చరిత్రలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన పేరు ఫ్రాన్స్వా ఆల్ఫోన్స్ ఫోరెల్ (1841–1912). జెనీవా సరస్సు ఒడ్డున మోర్జ్ పట్టణంలో పుట్టిన ఫోరెల్ సరస్సుల శాస్త్రానికి ఆద్యుడు. తన సరస్సులోకి రోన్ నది తెచ్చే నీరు ఎక్కడి నుండి వస్తున్నదన్న ప్రశ్న అతనిని సహజంగానే హిమానీనదాల వైపు నడిపింది. 1880ల తొలి రోజుల నుండి స్విస్ హిమానీనదాల హెచ్చుతగ్గులపై అతడు ఏటా నివేదికలు ప్రకటించాడు. 1894లో జూరిచ్‌లో అంతర్జాతీయ భూగర్భ శాస్త్ర మహాసభ జరిగినప్పుడు అంతర్జాతీయ హిమానీనద సంఘం ఏర్పడింది. ఫోరెల్ దానికి తొలి అధ్యక్షుడు. నేడు ప్రపంచ హిమానీనదాల సమాచారాన్ని సేకరించే జూరిచ్ కేంద్రానికి మూలం ఈ ఏర్పాటే.

కొలతలు ఎవరు తీశారన్నది కూడా ముఖ్యమే. పేరున్న శాస్త్రజ్ఞులు ఏటా ప్రతి కొండా ఎక్కలేరు. ఆ పనిలో పెద్ద భాగం రాష్ట్ర అటవీ శాఖల ఉద్యోగులు చేశారు. ప్రతి శరదృతువులో కొండెక్కి, రాతిపై వేసిన గుర్తు నుండి మంచు కొస వరకు దూరం కొలిచి కాగితంపై రాసేవారు. ఒక ఏటి అంకె ఏమీ చెప్పదు. వంద అంకెలు వరుసగా ఉంటే అది చరిత్ర అవుతుంది.

కాని మంచు కొస ఎంత వెనక్కి పోయిందన్నది నీటి లెక్క కాదు. పొడవు తగ్గకుండానే మంచు పలచబడవచ్చు. పైగా వాతావరణం మారిన చాలా ఏళ్లకు గాని పెద్ద హిమానీనదపు కొస కదలదు. అందువల్ల మంచు జమాఖర్చును నేరుగా లెక్కకట్టవలసి వచ్చింది. మంచులో పొడవాటి కొయ్యలు పాతి, వసంతంలో ఎంత పేరుకుందో, వేసవి ముగిశాక ఎంత కరిగిందో కొలుస్తారు. స్విట్జర్లాండ్‌లోని క్లారిడెన్ మంచుక్షేత్రంలో ఈ కొలతలు 1914లో మొదలై నేటికీ సాగుతున్నాయి. ప్రపంచంలో ఈ రకమైన కొలతల్లో అతి పొడవైన వరుస ఇదే. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో కూడా అది తెగలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి
(అ) వర్షాధార నది, హిమానీనదాధార నది తీవ్రమైన వేసవిలో ఎలా భిన్నంగా ప్రవర్తిస్తాయి?
(ఆ) మంచు కొస వెనుదిరిగిన దూరం ఒక్కటే నీటి లెక్కకు ఎందుకు సరిపోదు?

6. చరిత్రకారుని ఆధారాలు

కొలతలు మొదలుకాక ముందటి కాలాన్ని తెలుసుకోవడానికి ఇతర ఆధారాలు కావాలి. వాటిని మూడు రకాలుగా విభజించవచ్చు.

మొదటివి భౌతిక ఆధారాలు. హిమానీనదం తనతో ఈడ్చుకొచ్చిన రాళ్లు, మట్టి దాని అంచున గట్టులా పేరుకుంటాయి. వీటిని మొరైన్లు అంటారు. మంచు వెనుదిరిగినా గట్టు మిగులుతుంది. ఒకప్పుడు మంచు ఎంతవరకు వచ్చిందో చెప్పే సరిహద్దు రాయి అది.

రెండవవి లిఖిత ఆధారాలు. మునిగిన పొలాలకు పన్ను తగ్గించమని కోరిన అర్జీలు, చర్చి దస్తావేజులు, మొక్కుబడులు, ద్రాక్ష కోతల తేదీలు ఇందులోకి వస్తాయి. ఫ్రెంచి చరిత్రకారుడు ఎమాన్యుయేల్ లె రువా లాదురీ 1967లో వెలువరించిన గ్రంథంలో ఇలాంటి పత్రాలతో వెయ్యేళ్ల వాతావరణ చరిత్రను రాశాడు. రాజుల చరిత్ర రాయడానికి ఉపయోగించే దస్తావేజులతోనే మంచు చరిత్ర కూడా రాయవచ్చునని ఈ కృషి నిరూపించింది.

మూడవవి చిత్రాలు, ఛాయాచిత్రాలు. గ్రిండెల్వాల్డ్ హిమానీనదం ప్రయాణికులకు చేరువలో ఉండడం వల్ల 18, 19 శతాబ్దాల చిత్రకారులు దానిని ఎన్నోసార్లు చిత్రించారు. పరిశోధకుడు హైంట్స్ జుంబ్యూల్ ఆ చిత్రాలను ఒకదానితో ఒకటి పోల్చి, మంచు ఏ ఏడు ఎక్కడి వరకు ఉన్నదో నిర్ధారించాడు. చిత్రకారుడు తన ఊహను కలిపి ఉండవచ్చు గనుక, ప్రతి చిత్రంలోని కొండ శిఖరాలను, ఇళ్లను నేటి స్థలంతో సరిచూడటం ఇందులో తప్పనిసరి. ఏ ఆధారాన్నయినా ఇలాగే పరీక్షించాలి.

ఛాయాచిత్రాల విలువకు ఇటీవలి ఉదాహరణ ఒకటి ఉంది. 1916–1947 మధ్య పటాల తయారీ కోసం తీసిన సుమారు 21,700 పాత ఛాయాచిత్రాలు స్విట్జర్లాండ్‌లో భద్రంగా ఉన్నాయి. జూరిచ్ పరిశోధకులు వాటిని కంప్యూటర్ సహాయంతో జోడించి ఆనాటి మంచు ఉపరితలాన్ని తిరిగి నిర్మించారు. 1931–2016 మధ్య స్విస్ హిమానీనదాల మంచు పరిమాణం సగానికి పడిపోయిందని 2022లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది. ఆ ఛాయాచిత్రాలు తీసినవారు మంచు తరుగుదల గురించి ఆలోచించలేదు. వాటిని పారవేయకుండా దాచినవారి వల్ల అవి ఆధారాలయ్యాయి.

7. మంచు నుండి విద్యుత్తుకు

20వ శతాబ్దంలో హిమానీనదం మీద దృష్టి మరోసారి మారింది. బొగ్గు నిల్వలు అంతగా లేని స్విట్జర్లాండ్‌కు ఎత్తు నుండి దూకే నీరే ఇంధనం. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత వాలిస్‌లో పెద్ద డ్యాములు వరుసగా లేచాయి. 1961లో పూర్తయిన గ్రాండ్ డిక్సాన్స్ డ్యామ్ ఎత్తు 285 మీటర్లు. దాని జలాశయంలో 40 కోట్ల ఘనపు మీటర్ల నీరు పడుతుంది. సుమారు 100 కిలోమీటర్ల సొరంగాల ద్వారా 35 హిమానీనదాల నీటిని అక్కడికి మళ్లించారు. 1818లో మంచుకట్ట తెగిన మోవ్వాజాన్ ఇరుకులోనే 1950లలో కాంక్రీటు డ్యామ్ కట్టారు. ఒకప్పుడు భయపెట్టిన నీరు ఆస్తి అయింది.

ఈ ఆస్తి వెనుక ప్రాణనష్టం కూడా ఉంది. 1965 ఆగస్టు 30న మాట్‌మార్క్ డ్యామ్ నిర్మాణ స్థలంలో అలాలిన్ హిమానీనదపు కొస విరిగి కార్మికుల శిబిరంపై పడింది. 88 మంది మరణించారు. వారిలో సగానికి పైగా ఇటలీ నుండి కూలికి వచ్చినవారు.

నేడు స్విట్జర్లాండ్ విద్యుత్తులో సగానికి పైగా నీటి నుండే వస్తున్నది. అక్కడి చట్టం ప్రకారం నదీజలాలను విద్యుత్తుకు వాడుకునే హక్కును గరిష్ఠంగా 80 ఏళ్లకు ఇస్తారు. పర్వత గ్రామాలకు దీనివల్ల రుసుము అందుతుంది. 20వ శతాబ్దం మధ్యలో కుదిరిన ఒప్పందాల గడువు ఈ శతాబ్దం మధ్య నాటికి ముగుస్తుంది. అప్పుడు కొత్త ఒప్పందం రాసుకునేవారు ఏ నీటిని లెక్కలో వేసుకోవాలి? గత 50 ఏళ్ల సగటునా, రాబోయే 80 ఏళ్ల అంచనానా? హిమానీనద అధ్యయనం ఇక్కడ గ్రామ పంచాయతీ ఆదాయానికి, రైతు కాలువకు సంబంధించిన విషయమైపోయింది.

8. గరిష్ఠ జల దశ

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మంచు తరుగుతుంటే నదిలో నీరు ఎందుకు పెరుగుతుంది? వివరణ కోసం ఒక ఊహాలెక్క వేసుకుందాం. ఆవిరిగా పోయే నీటిని ప్రస్తుతానికి వదిలేద్దాం.

ఒక లోయలో ఏడాదికి మంచు, వాన రూపంలో 100 పాళ్ల నీరు పడుతుందనుకుందాం. హిమానీనదం నిలకడగా ఉన్నప్పుడు నదిలోకి 100 పాళ్లే వస్తుంది. ఎండలు పెరిగాయి. పడింది 100, నదిలోకి వచ్చింది 120. అదనంగా వచ్చిన 20 పాళ్లు పాత మంచు కరిగినవి. బ్యాంకులో సొమ్ము దాచుకున్నవాడు వడ్డీతో పాటు అసలు కూడా తీసి ఖర్చు పెడితే కొన్నాళ్లు చేతినిండా డబ్బు ఆడుతుంది. ఇదీ అలాంటిదే.

క్రమంగా హిమానీనదం విస్తీర్ణం తగ్గుతుంది. కరగడానికి మంచే తక్కువైనప్పుడు ఎండ ఎంత కాసినా 120 రాదు. అది 115కు, 105కు, చివరకు మళ్లీ 100కు వస్తుంది. ప్రవాహం అత్యధిక స్థాయికి చేరి, అక్కడి నుండి తగ్గడం మొదలయ్యే ఆ మలుపును గరిష్ఠ జల దశ అంటారు. శాస్త్రజ్ఞులు పీక్ వాటర్ అని వాడే మాట ఇదే.

చివరికి 100 పాళ్లు వస్తూనే ఉంటే నష్టమేమిటని మీకు సందేహం కలగవచ్చు. రెండవ విభాగంలో చెప్పుకున్న నెలల సంగతిని ఇక్కడ గుర్తుచేసుకోండి. మొత్తం 100 పాళ్లే అయినా, వాటి రాక మారుతుంది. చలికాలంలో మంచుకు బదులు వాన పడి అప్పుడే పారిపోతుంది. మిగిలిన మంచు వసంతంలోనే కరిగిపోతుంది. జూలై, ఆగస్టు నెలల్లో పొలం దాహంతో ఉన్నప్పుడు పైన కరగడానికి ఏమీ ఉండదు. పర్వత నది కూడా మన వాగులాగే వానను నమ్ముకుని బతకవలసి వస్తుంది.

ఈ ప్రభావం పర్వతాల దగ్గరే ఆగదు. రైన్, రోన్, పో, డాన్యూబ్ నదుల పరీవాహక ప్రాంతాల్లో హిమానీనదాలు ఆక్రమించిన భాగం 1 శాతం కూడా లేదు. అయినా ఆగస్టులో ఆ నదుల దిగువ ప్రాంతాల దాకా వాటి నీరు చెప్పుకోదగినంతగా చేరుతున్నదని స్విస్ శాస్త్రజ్ఞుడు మథియాస్ హుస్ 2011లో ప్రకటించిన అధ్యయనంలో చూపాడు. హుస్, రెజీన్ హాక్ కలిసి 2018లో ప్రపంచంలోని 56 పెద్ద హిమానీనద పరీవాహక ప్రాంతాలను పరిశీలించారు. వాటిలో దాదాపు సగం అప్పటికే గరిష్ఠ జల దశను దాటాయని వారి అంచనా. చిన్న హిమానీనదాలు ఉన్నచోట ఈ మలుపు ముందుగా, పెద్దవి ఉన్నచోట ఆలస్యంగా వస్తుంది.

2022లో స్విస్ హిమానీనదాలు ఒక్క ఏడాదిలోనే తమ పరిమాణంలో సుమారు 6 శాతాన్ని, 2023లో మరో 4 శాతాన్ని కోల్పోయాయి. పైన అంత మంచు కరిగిన 2022 వేసవిలోనే జర్మనీలోని రైన్ నదిలో నీరు బాగా తగ్గి సరుకు పడవలు సగం బరువుతో నడవవలసి వచ్చింది. అంత కరుగుదల ఉన్నా లోటు తీరలేదు. ఆ కరుగుదల కూడా లేని రోజున ఎలా ఉంటుందో ఊహించవచ్చు. తూర్పు స్విట్జర్లాండ్‌లోని పిజోల్ హిమానీనదం కొలవడానికి కూడా మిగలనంతగా చిన్నదైపోయింది. 2019లో స్థానికులు, శాస్త్రజ్ఞులు కొండెక్కి దానికి అంతిమ వీడ్కోలు పలికారు.

వాలిస్‌లో ఇప్పుడు ఈ విషయంపై రెండు వాదనలు వినిపిస్తున్నాయి. మంచు చేసిన నిల్వ పనిని ఇకపై మనిషి కట్టిన జలాశయాలే చేయాలని, విద్యుత్తుతో పాటు సాగునీటికి, తాగునీటికి కూడా వాటిని వాడాలని కొందరంటారు. జెర్మాట్ సమీపంలో గోర్నర్ హిమానీనదం దిగువన కొత్త డ్యామ్ ప్రతిపాదన ఈ ఆలోచన నుండి వచ్చిందే. మంచు వదిలివెళ్లిన నేలను డ్యాములతో నింపడం కంటే వాడకం తగ్గించుకోవడం మేలని మరికొందరంటారు. రెండు పక్షాలూ తమ వాదనకు ఆధారంగా చూపేది ఫోరెల్ కాలం నుండి పేరుకున్న కొలతలనే.

9. హిమాలయాలకు వర్తించే పాఠం

ఆల్ప్స్‌లో నేర్చుకున్నదాన్ని హిమాలయాలకు యథాతథంగా అన్వయించకూడదు. ఆల్ప్స్‌లో మంచు చలికాలంలో పడి వేసవిలో కరుగుతుంది. మధ్య, తూర్పు హిమాలయాల్లో రుతుపవనాల వల్ల వేసవిలోనే మంచు పడటం, కరగడం రెండూ జరుగుతాయి. సింధు నది మంచునీటిపై ఎక్కువగా ఆధారపడుతుంది. గంగా మైదానంలో రుతుపవన వర్షాలదే ప్రధాన పాత్ర. కాబట్టి హిమాలయ నదులన్నిటికీ ఒకే మాట చెల్లదు.

కొలతలు లేనప్పుడు ఏమి జరుగుతుందో చూపే ఉదాహరణ కూడా ఇక్కడే ఉంది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలోని వాతావరణ మార్పుల సంఘం 2007 నివేదికలో హిమాలయ హిమానీనదాలు 2035 నాటికి అంతరించే అవకాశం ఉందన్న వాక్యం చోటుచేసుకుంది. దానికి తగిన ఆధారం లేదని 2010 జనవరిలో ఆ సంఘమే ఒప్పుకుంది. హిమానీనదాలు తరగడం నిజం, 2035 అన్న గడువు మాత్రం నిరాధారం. అయినా ఆ ఒక్క అంకెను పట్టుకొని మొత్తం విషయాన్నే కొట్టిపారేసినవారు ఉన్నారు. హిమాచల్ ప్రదేశ్‌లోని ఛోటా షిగ్రీ హిమానీనదంపై 2002 నుండి మన దేశపు పరిశోధకులు మంచు జమాఖర్చును క్రమం తప్పకుండా కొలుస్తున్నారు. క్లారిడెన్‌కు ఉన్న వందేళ్ల వరుస మనకు లేదు. ఉన్నదానిని తెగకుండా కొనసాగించడం అందుకే అవసరం.

10. సారాంశం

17వ శతాబ్దంలో ఆల్ప్స్ ప్రజలకు హిమానీనదం ఒక భయం. 1818 వరద తరువాత అది పరిశోధనాంశమైంది. అగాసీ, ఫోరెల్ వంటి శాస్త్రజ్ఞులు, పేరు తెలియని అటవీ ఉద్యోగులు దానిని కొలిచారు. 20వ శతాబ్దం దానిని విద్యుత్తుగా మార్చుకుంది. 21వ శతాబ్దంలో అది కరిగిపోతున్న నిల్వ. తరుగుతున్న హిమానీనదం మొదట నీటిని ఎక్కువగా ఇచ్చి, గరిష్ఠ జల దశ దాటాక తగ్గిస్తుంది. వేసవి నెలల్లో ఈ తగ్గుదల తీవ్రంగా ఉంటుంది. నది నిండుగా పారడం నిల్వ క్షేమంగా ఉన్నదనడానికి రుజువు కాదు. నిల్వలో ఎంత మిగిలి ఉన్నదో చెప్పగలిగేవి ఏటా రాసిపెట్టిన లెక్కలే.

ముఖ్య పదాలు

హిమానీనదం: తన బరువుతో వాలు వెంట మెల్లగా కదిలే మంచుగడ్డ.
మొరైన్: హిమానీనదం తెచ్చి అంచున పేర్చిన రాళ్లు, మట్టితో ఏర్పడిన గట్టు.
మంచు జమాఖర్చు: ఒక ఏడాదిలో హిమానీనదంపై చేరిన మంచుకు, కరిగిన మంచుకు మధ్య తేడా.
గరిష్ఠ జల దశ: తరుగుతున్న హిమానీనదం నుండి వచ్చే ప్రవాహం అత్యధిక స్థాయికి చేరి తగ్గనారంభించే మలుపు.

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఆల్ప్స్ హిమానీనదాల పట్ల మానవ దృక్పథం 17వ శతాబ్దం నుండి నేటి వరకు మారిన క్రమాన్ని వివరించండి.
2. గరిష్ఠ జల దశ అంటే ఏమిటి? దిగువ ప్రాంతాల నీటి సరఫరాపై దాని ప్రభావాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 1818 వరద హిమానీనద శాస్త్రానికి ఎలా దోహదం చేసింది?
2. చిత్రాలు, ఛాయాచిత్రాలు చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగపడ్డాయి?
3. ఫోరెల్ కృషిని అంచనా వేయండి.

III. అభ్యాసం
మీ ఊరి చెరువు లేదా కాలువకు సంబంధించి ఏ రికార్డులు, ఎవరి వద్ద, ఏ సంవత్సరం నుండి ఉన్నాయో తెలుసుకొని ఒక పేజీలో రాయండి. రికార్డు మధ్యలో ఆగిపోయి ఉంటే ఏ ఏడు ఆగిందో, ఎందుకు ఆగిందో పెద్దలను అడిగి నమోదు చేయండి.